నిలబెట్టిన వైపరు

“కారు తలుపు తీయొద్దని చెప్పానా లేదా?”

“చెప్పావు.”

“మరి ఎందుకు తీశావు?”

“చూద్దామని.”

“చూడ్డానికి అద్దం ఉంది కదా. అద్దంలోంచి చూస్తే అరిగిపోతుందా? గంటన్నర జోకొడితే పడుకుంది పిల్ల, గ్లెనిస్. గంటన్నర. నువ్వొచ్చి తలుపు బార్లా తీసి, ఇంత చలిగాలి లోపలికి తోలి, మంచుగడ్డ లాంటి చెయ్యి దాని గుండె మీద పెట్టావు. లేవదా మరి?”

“లేచిందంటే బాగున్నట్టే కదా.”

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అనేశాక తెలిసింది. బ్రయనీ మొహం ఎలా మారిందో గ్లెనిస్‌కు కనబడలేదు. గొడవకు అసలు మూలం అదే. ఆ సంగతి బ్రయనీకి తెలీదు.

బ్రయనీ నెట్‌బాల్ ఆట మధ్యలో వదిలేసి వచ్చింది. చంకలో అయిదు నెలల కూతురు ఎడీ గుక్కపట్టి ఏడుస్తోంది. కోర్టులో ఆమె జట్టు ఆరుగురితో ఆడుతోంది. గోలు వేసేదే ఈమె కాబట్టి మిగతా ఆరుగురూ బంతిని ఒకరికొకరు ఇచ్చుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు.

“పోయిన వారం కూడా ఇంతే చేశావు,” అంది బ్రయనీ. “ఆ ముందు వారం కేలీ వాళ్ళ బాబును లేపావు. పిల్లల్ని చూసుకోమంటే నిద్రలేపే డ్యూటీ పెట్టుకున్నావేంటి? ఈసారి తలుపు ముట్టుకున్నావంటే నీకు చెప్పడమే మానేస్తా.”

“మానెయ్ తల్లీ. నా కాళ్ళకూ కాస్త విశ్రాంతి.”

కానీ ఎవరూ మానరు. అది గ్లెనిస్‌కూ తెలుసు, బ్రయనీకీ తెలుసు.

యారంబిల్ ఊరి ఫుట్‌బాల్ మైదానం చుట్టూ శనివారం నాడు కార్లు ముక్కులు లోపలికి పెట్టి నిలబడతాయి. మల్లీ ప్రాంతపు గోధుమ పొలాల మీదుగా వచ్చే గాలికి బయట నిలబడి ఆట చూడటం తెలివైనవాడు చేసే పని కాదు. అందరూ కార్లలోనే కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగుతూ చూస్తారు. మనవాళ్ళు గోలు కొడితే చప్పట్లు ఉండవు, హారన్లే. నూటయాభై కార్లు ఒక్కసారి మోగిస్తే గోధుమ గిడ్డంగి మీద పావురాలు లేచిపోతాయి.

పిల్లలు మాత్రం కార్లలో తప్ప ఇంకెక్కడా పడుకోరు. ఇంట్లో వెయ్యి వేషాలు వేసేవాళ్ళు కూడా నలభై కిలోమీటర్ల ప్రయాణం చేసి మైదానం గేటు దాటేసరికి మెడ వాల్చేసి ఉంటారు. లేపి ఎత్తుకుంటే మిగతా రోజంతా నరకం. లేపకుండా పక్కన కూర్చుందామంటే తల్లి నెట్‌బాల్ ఆడాలి, తండ్రి ఫుట్‌బాల్ ఆడాలి, లేదా కాంటీనులో చిప్స్ వేయించాలి. ఊళ్ళో మనుషులు తక్కువ, పనులు ఎక్కువ. ఒక్కడు రాకపోతే జట్టే ఉండదు.

అందుకని నెట్‌బాల్ కోర్టుకూ స్కోరుబోర్డుకూ మధ్య పదకొండు కార్లు పట్టే వరస ఒకటి వాళ్ళ కోసం ఉంది. కారులో బిడ్డ పడుకుని ఉంటే ముందు అద్దం మీది వైపరును ఎత్తి నిలబెట్టాలి. వైపరు నిలబడిందంటే ఆ దరిదాపుల్లో హారన్ కొట్టకూడదు, నాలుగు వేళ్ళు పట్టేంత అద్దం దించి ఉంచాలి, ఆ పక్కగా వెళ్ళే ప్రతివాడూ లోపలికి ఓ చూపు వేసి పోవాలి. చట్టానికి ఇదేమీ పట్టదు. కారులో బిడ్డను ఒంటరిగా వదలడమంటే వదలడమే. పోలీసు ఒకడు ఓ శనివారం వచ్చి, వరసంతా నడిచి, “నేనసలు ఇటు రాలేదు” అని చెప్పి, సాసేజ్ రోల్ కొనుక్కుని పోయాడు. గ్లెనిస్ ఉంది కదా అని ధైర్యం.

గ్లెనిస్ పాస్కోకు డెబ్భై మూడేళ్ళు. శనివారాల్లో గేటు దగ్గర టికెట్లు ఇస్తుంది. ఆట మొదలయ్యాక గేటు మూసి, ఆకుపచ్చ వర్షపు కోటు వేసుకుని వరస వెంబడి తిరుగుతుంది. ఈ పని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. తీసుకుంది. తీసుకున్నాక ఊరంతా ఆమెకు వదిలేసింది.

“రెండు నిమిషాలు చూస్తుండు గ్లెనిస్.” ఈ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. రెండు నిమిషాలంటే ఎంతో ఆమె లెక్కకట్టింది. యారంబిల్‌లో రెండు నిమిషాలంటే పదకొండు నిమిషాలు. ఆమె చూసిన అతి చిన్న రెండు నిమిషాలు నాలుగు. అతి పెద్దది ఒక పూర్తి క్వార్టరు, అంటే పావు వంతు ఆట, దాని మీద విరామం. టీ తెచ్చుకుంటానని వెళ్ళిన ఓ అమ్మాయి అక్కడెవడితోనో మాటల్లో పడింది. వాడినే పెళ్ళి చేసుకుంది. “ఆ కారులో పిల్ల సంగతి అప్పటికి గుర్తులేదా అమ్మా?” అని పెళ్ళిలో గ్లెనిస్ అడిగితే అందరూ నవ్వారు. గ్లెనిస్ నవ్వించడానికి అడగలేదు.

తనూ ఓసారి రెండు నిమిషాలకు వెళ్ళింది. కొడుకు ఇయన్‌కు అప్పుడు ఏడు నెలలు. సెప్టెంబరు ఎండ. కాంటీనులో కేకు ముక్కలు కోయడానికి మనిషి లేడంటే వెళ్ళింది. తిరిగొచ్చేసరికి వాడు ఎర్రగా కందిపోయి, జుట్టంతా తడిసి, గొంతు పోయి, చప్పుడు లేకుండా నోరు తెరిచి ఏడుస్తున్నాడు. అటూ ఇటూ కార్లలో మనుషులున్నారు. అందరికీ ఏడుపు వినబడింది. ఎవరికి వారు పక్క కారులో పిల్లాడనుకున్నారు. నీళ్ళు తాగించి నీడలో పడుకోబెడితే గంటలో వాడు మామూలైపోయాడు. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ ఏమీ గుర్తులేదు, ఆమెకు తప్ప. ఆ మరుసటి శనివారం వైపరు ఎత్తడం మొదలుపెట్టింది. ఇయన్ ఇప్పుడు గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాతో ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. వాడికీ ఆ సంగతి తెలీదు.

ఇన్నేళ్ళూ ఆమె తలుపు తీసేది కాదు. అద్దం దగ్గర వంగి, గుండె పైకీ కిందికీ కదులుతోందా లేదా చూసి, బొటనవేలు ఎత్తి తల్లికి చూపించేది. తల్లి కోర్టులోంచి చెయ్యి ఊపేది.

పోయిన కోతల ముందు ఆమె చూపులో, సరిగ్గా నడిమధ్యన, వేలిముద్ర పడ్డ అద్దంలా ఓ మరక లేచింది. కళ్ళజోడు తుడుచుకుంది. కళ్ళు తుడుచుకుంది. మరక పోలేదు, పెరిగింది. బెండిగోలో కంటి డాక్టరు చాలాసేపు చూసి, అంచులు మిగులుతాయి, మధ్యది తిరిగి రాదు అన్నాడు. తర్వాత కారు సంగతి ఎత్తాడు. నువ్వు ఇక నడపకూడదు, లైసెన్సు ఆఫీసుకు నువ్వే రాయాలి అని కాగితం ఇచ్చాడు. ఆమె సరేనంది. కాగితం తీసుకెళ్ళి టీ పొడి డబ్బాలో పెట్టింది.

ఆమె ఇల్లు ఊరికి పందొమ్మిది కిలోమీటర్లు. మొగుడు పోయి ఆరేళ్ళు. ఆ మట్టిరోడ్డు మీద బస్సు లేదు, పక్క ఇల్లు లేదు. కారు లేకపోతే పాల ప్యాకెట్టుకు కూడా ఎవరికో ఫోన్ చేసి, వాళ్ళ వీలు కనుక్కుని, వాళ్ళు వచ్చేదాకా కోటు తొడుక్కుని వరండాలో కూర్చోవాలి. కళ్ళ సంగతి బయటికి పొక్కితే ఆ రోజే తాళాలు పోతాయి. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఎడమ చక్రం రోడ్డంచు గులకరాళ్ళ మీద పెట్టి, ఆ కరకర చప్పుడును బట్టి, కంటి అంచుతో కంచె చూసుకుంటూ నడుపుకొచ్చేది. శనివారాలు అందరికంటే ముందు ఏడింటికే వచ్చి గేటు తీసేది, అందరూ పోయాకే కదిలేది. కారు ఎలా పెడుతోందో, ఎలా తీస్తోందో ఒక్కడూ చూడలేదు.

వైపరు ఆమెకు కనబడుతుంది. పొడుగ్గా నిలబడింది కాబట్టి కంటి అంచుకు దొరుకుతుంది. బిడ్డ మొహమే కనబడదు. తిన్నగా చూస్తే మరక. పక్కకు చూస్తే దుప్పటి కుప్ప. ఊపిరి ఆడుతోందో లేదో కళ్ళు చెప్పనప్పుడు చెయ్యే చెప్పాలి. అందుకే తలుపు తీయడం. అందుకే పిల్లలు లేవడం. అందుకే తిట్లు.

ఇంతా చేసి, బ్రయనీ తిట్టిన రోజు నుంచి ఆమె తలుపు తీయలేదు. అద్దం దగ్గర వంగేది. ఏమీ కనబడేది కాదు. లేచి బొటనవేలు ఎత్తేది.

రెండు శనివారాలు అలా గడిచాయి. ఒకరూ తిట్టలేదు. “గ్లెనిస్ మళ్ళీ దారిలో పడింది,” అని కాంటీనులో అనుకున్నారు కూడా.

మూడో శనివారం సెమీఫైనల్. చలి ఉన్నట్టుండి తెగిపోయి, పొద్దున పదింటికే కోట్లు విప్పే ఎండ వచ్చింది. బ్రయనీ మొగుడు రీస్ తెల్ల కారు తెచ్చి వరసలో చివర పెట్టాడు. గిడ్డంగిలో పనిచేస్తాడు, మామూలుగా ఫుట్‌బాల్ ఆడతాడు. మోకాలు తిరగడంతో ఈ నెల స్కోరుబోర్డు మీద అంకెలు మార్చే పనిలో ఉన్నాడు.

“ఇప్పుడే పడుకుంది,” అన్నాడు వైపరు ఎత్తుతూ. “బ్రయనీ ఆట మొదలవుతోంది. నేను బోర్డెక్కాలి. రెండు నిమిషాలు చూస్తుండు.”

“రెండు నిమిషాల్లో దిగొస్తావా బోర్డు మీంచి?”

“మాటవరసకి అన్నాలే గ్లెనిస్. తలుపు మాత్రం తీయకు, నీకు పుణ్యం ఉంటుంది.”

“మీరిద్దరూ ఒకే బళ్ళో చదివారా ఏంటి, ఇదే పాట?”

రీస్ నవ్వి కుంటుకుంటూ నిచ్చెన ఎక్కాడు. గ్లెనిస్ వరస చివరిదాకా నడిచి, వంగి, లేచి, స్కోరుబోర్డు వైపు బొటనవేలు ఎత్తింది. పైనుంచి రీస్ కూడా ఎత్తాడు.

ఆ తర్వాత గేటు దగ్గర ఆలస్యంగా వచ్చిన బస్సు ఒకటి నిలబడితే వెళ్ళింది. ఆ బస్సు వెనకే ఇంకొన్ని కార్లు వచ్చి గంటన్నర పట్టింది. తిరిగొచ్చేసరికి చివరి క్వార్టరు. రెండు పాయింట్ల తేడా. ఎండ చెట్ల మీంచి పక్కకు జరిగి సరిగ్గా తెల్ల కారు మీద పడుతోంది. వైపరు నిలబడే ఉంది.

వంగింది. దుప్పటి కుప్ప. అద్దం మీద వేళ్ళు పెట్టి పైకి జరిపింది. నాలుగు వేళ్ళ సందు ఉండాల్సిన చోట లేదు. అద్దం పూర్తిగా మూసి ఉంది. అరచెయ్యి ఆనిస్తే వేడి.

తలుపు లాగింది. రాలేదు. అటువైపు వెళ్ళి లాగింది. రాలేదు.

“ఎడీ,” అంది. “ఎడీ, లే తల్లీ.” అద్దం మీద కొట్టింది. ఇన్నాళ్ళూ లేపొద్దని తిట్టించుకున్న పిల్లను ఇప్పుడు లేపడానికి రెండు చేతులతో బాదింది. కుప్ప కదల్లేదు. కదిలిందో లేదో ఆమెకు తెలియలేదు. “రీస్” అని స్కోరుబోర్డు వైపు అరిచింది. సరిగ్గా అప్పుడే మనవాళ్ళు గోలు కొట్టారు. నూటయాభై హారన్లు మోగాయి. తన గొంతు తనకే వినబడలేదు.

గేటు మేకులు కొట్టే సుత్తి కోటు జేబులోనే ఉంది. హారన్లు ఆగకముందే వెనక అద్దం పగిలింది. గాజు ముక్కల్లోంచే చెయ్యి లోపలికి దూర్చి, తడిమి, దుప్పటి లాగింది. దుప్పటితో పాటు ఓ సంచి వచ్చి నేల మీద పడింది. సంచిలోంచి మూడు ఫుట్‌బాళ్ళు, ఓ జత బూట్లు దొర్లాయి.

హారన్లు ఆగిపోయాయి. ఆట చూసేవాళ్ళంతా ఇటు తిరిగారు.

నెట్‌బాల్ కోర్టు పక్క బెంచీ మీద రీస్ తల్లి కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో ఎడీ బిస్కెట్టు చీకుతోంది.

సంగతి ఇదీ. గ్లెనిస్ గేటు దగ్గరున్నప్పుడు రీస్ తల్లి వచ్చింది. రీస్ దిగి, పిల్లను తీసి ఆమెకిచ్చి, దుమ్ము పడుతుందని అద్దాలు ఎక్కించి మళ్ళీ బోర్డెక్కాడు. తాళం జేబులో ఉన్న మనిషి దూరమైతే ఆ కారు దానంతటదే లాక్ అవుతుంది. అన్నీ చేశాడు. వైపరు దించడం మర్చిపోయాడు.

“బంతులకు ఊపిరాడటం లేదా గ్లెనిస్?” అన్నారెవరో. ఓ పది కార్లు నవ్వాయి. క్లబ్బు ప్రెసిడెంటు నెవిల్ పరిగెత్తుకొచ్చి, గాజు ముక్కలు చూసి, సంచి చూసి, “పిల్ల సీటు ఖాళీగా ఉంది కదా. అంత పెద్ద ఖాళీ సీటు. కళ్ళు దొబ్బాయా నీకు?” అన్నాడు.

తిట్టడానికే అన్నాడు పాపం. గ్లెనిస్ మోచేతి కింద నుంచి రక్తం కారి కోటు అంచు మీంచి బూటు మీద పడుతోంది.

రీస్ ఆమెను మందుల గదికి తీసుకెళ్ళాడు. బల్ల మీద కూర్చోబెట్టి, గాయం కడిగి, గాజుగుడ్డ మడిచి చేతికిచ్చాడు.

“ఇది అదిమి పట్టుకో.”

ఆమె చెయ్యి గుడ్డ పక్కనుంచి ఖాళీ గాల్లోకి వెళ్ళింది. మళ్ళీ చాపింది. మళ్ళీ పక్కకే. రీస్ గుడ్డను కొంచెం ఎడమకు జరిపాడు. ఆమె మొహం గోడ వైపు తిప్పి, కంటి కొసతో చూసి, అందుకుంది.

“ఎన్నాళ్ళయింది?” అన్నాడు.

“ఏమిటి ఎన్నాళ్ళు?”

“గ్లెనిస్. ఎన్నాళ్ళయింది?”

“కోతల ముందు నుంచి.”

రీస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కట్టు కట్టడం మర్చిపోయాడు.

“అద్దం పగలగొట్టినందుకు నాకేం లేదు,” అన్నాడు. “అది నా తప్పు. వైపరు దించలేదు. కానీ పొద్దున నువ్వు వంగి చూశావు. లేచి వేలెత్తి చూపించావు. అప్పుడు ఎడీ లోపలే ఉంది. నీకేం కనబడింది?”

“దుప్పటి.”

“మరి వేలెందుకెత్తావు?”

“తలుపు తీయొద్దన్నారు కదా మీరు.”

“అది కాదు నేనడిగేది.”

“నాకు తెలుసు అది కాదని.” ఆమె గొంతు పెరిగింది. “ఏం చెప్పమంటావు? చెబితే మీరు నా తాళాలు లాక్కుంటారు. పందొమ్మిది కిలోమీటర్ల అవతల కూర్చోబెట్టి, బుధవారం ఒకరు, ఆదివారం ఒకరు కేకు పట్టుకొచ్చి, ఎలా ఉన్నావు గ్లెనిస్ అని గట్టిగా అరుస్తారు, కళ్ళు పోతే చెవులు కూడా పోయినట్టు. అందుకని వేలెత్తాను. మీ పిల్ల బాగుంటుందిలే అని ఎత్తాను. నలభై ఏళ్ళ కిందట అటూ ఇటూ కార్లలో కూర్చున్నవాళ్ళు ఇలాగే అనుకున్నారు, బాగుంటుందిలే అని. వాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు.”

ఆ చివరి మాట రీస్‌కు అర్థం కాలేదు. అడగలేదు. కట్టు కట్టడం మొదలుపెట్టాడు. బిగించి కట్టాడు, కోపం కొంత అందులోకి పోయింది.

“మా పిల్లకు రెండు వారాలుగా కాపలా లేదన్నమాట,” అన్నాడు.

“లేదు. కోపం తెచ్చుకో. బ్రయనీకి చెప్పు, ఆమె ఇంకా బాగా తెచ్చుకుంటుంది.”

“నువ్వు పొద్దున ఇక్కడికి ఎలా వచ్చావు?”

గ్లెనిస్ మంచి చెయ్యి కోటు జేబు మీదికి పోయింది.

“నువ్వే నడుపుకొచ్చావా?”

“గులకరాళ్ళ చప్పుడు వింటూ వస్తాను. ఏడింటికి రోడ్డు మీద ఎవరుంటారు?”

“ఏడింటికి నేనుంటాను గ్లెనిస్. గిడ్డంగికి ఆ రోడ్డు మీదే పోతాను. ఒక్కోసారి ఎడీని అత్తగారింట్లో దింపడానికి వెనక సీట్లో వేసుకుని.”

బయట సైరను మోగింది. ఎవరు గెలిచారో తెలియలేదు. హారన్లు మోగాయి కాబట్టి మనవాళ్ళే అయి ఉండాలి.

“వరస ఎత్తెయ్యమని నెవిల్‌కు చెప్పు,” అంది గ్లెనిస్. “నన్ను చూసుకుని పిల్లల్ని వదిలేశారు అందరూ. నేను ఉన్నాననుకుని ఎవరూ తొంగిచూడటం లేదు. ఇవాళ అద్దాలన్నీ మూసిన కారు, వైపరు నిలబెట్టి, ఎండలో ఎంతసేపుంది? పక్కనుంచి ఎంతమంది పోయారు? కళ్ళున్నవాళ్ళే కదా అందరూ. ఎవరి పిల్లల్ని వాళ్ళు చంకనేసుకుని ఆట చూడండి. లేస్తే ఏడవనీ.”

“వినరు.”

“వినరు. అయినా చెప్పు.”

రీస్ కట్టుకు పిన్ను పెట్టాడు. ఆమె మంచి చెయ్యి కోటు జేబులో చాలాసేపు వెతికింది. సుత్తి తీసి బల్ల మీద పెట్టింది. టికెట్ల కట్ట పెట్టింది. చివరికి తాళాలు తీసింది. తోలు బిళ్ళ మీద మొగుడి పేరు సగం అరిగిపోయి ఉంది. రీస్ చెయ్యి ఎక్కడుందో తిన్నగా చూడకుండా, గోడ వైపు తిరిగి, అంచుతో వెతికి, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

“ఇవాళ నన్ను నువ్వే దింపు,” అంది. “కారు మా షెడ్డులో పెట్టు. తాళాలు నువ్వు తీసుకుపో. మంగళవారం కల్లా ఫోన్ చేస్తాను, పాలు అయిపోయాయని. బాగానే కనబడుతోంది, ఒక్కసారి ఊళ్ళోకి వెళ్ళొస్తాను, రెండు నిమిషాలు అంటాను. తిడతాను కూడా. నాకు తెలుసు నా సంగతి. ఎంత అడిగినా ఇవ్వకు.”